వాలునేల మీది నాదము

(స్మారకోపన్యాసము)



ఎవరి స్మృత్యర్థము ఈ ఉపన్యాసము జరుగుచున్నదో ఆ పెద్దలు సంగీతము వినుటయందు ఎల్లలు పాటించినవారు కారు. త్యాగరాజకృతులు వినెడి చెవితోడనే వారు సముద్రమున కావలి పాటలను గూడ వినెడివారు. ముందుగా తీర్పు చెప్పి పిమ్మట వినుట రసికత కాదని వారి యభిప్రాయము. ఆ ధైర్యముతోడనే నేను ఈ యేటి ప్రసంగమునకు, అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రమున మెంఫిస్ నగరములో 1957లో మొలకెత్తి 1975లో మూతపడిన స్టాక్స్ అను గ్రామఫోను రికార్డుల సంస్థను విషయముగా గైకొంటిని. సోల్ సంగీతమని లోకము పిలుచు నల్లజాతివారి గానమునకు ఆ కాలమున రెండు ప్రధాననిలయము లుండెను: ఉత్తరమున డెట్రాయిట్‌లో మోటౌన్, దక్షిణమున మెంఫిస్‌లో స్టాక్స్. మొదటిదాని కీర్తి మిక్కుటము. రెండవదాని నాదము, నా చెవికి, లోతైనది. ఎందుచేత లోతైనదో విచారించుటయే నేటి పని.

నా వాదమును దాచి చివర చూపుటకంటె ఇప్పుడే చెప్పుట మేలు. ఆ నాదము కాగితము మీద పుట్టలేదు. స్వరలిపి వ్రాసి ఎదుట పెట్టుకొనక, నలుగురైదుగురు మనుష్యులు ఒక గదిలో కూర్చుండి ఒకరి నొకరు వినుటవలన పుట్టెను. ఆ సంస్థ కూలుటకు బీజము మాత్రము ఒక కాగితమునందే యున్నది. అది చదువవలసినవాడు చదువక సంతకము చేసిన కాగితము. ఈ రెంటికిని సంబంధము కలదని నా నమ్మకము. మనుష్యుని మాటను, చెవిని నమ్మి నడచిన ఇల్లు తన బలమెచ్చట నుండెనో సరిగా నచ్చటనే దెబ్బతినెను.

మెంఫిస్ మిసిసిపీ నదీతీరమందలి పత్తివర్తకుల పట్టణము. డెల్టాభూములలో పండిన పత్తి ఆ రేవునకు చేరినట్లే, ఆ పొలములలో పాలికిని కూలికిని చాకిరి చేసి విసిగిన నల్లవారును బ్రతుకుతెరువునకై ఆ ఊరికే చేరిరి. వారితో బ్లూస్ పాట వచ్చెను. ఆదివారపు చర్చిలలో చప్పట్లతో సాగెడి గాస్పెల్ గానము వచ్చెను. 1948లో డబ్ల్యు.డి.ఐ.ఏ. అను రేడియో కేంద్రము ఒక నల్లజాతీయుని చేతికి మైకు నిచ్చి, కొలదికాలములోనే తన కార్యక్రమములన్నియు ఆ జాతివారికొరకే నడపసాగెను. రూఫస్ థామస్ అను హాస్యప్రియుడైన గాయకుడు బట్టలమిల్లులో బాయిలరుల యొద్ద పనిచేయుచునే ఆ కేంద్రమున పాటలు వినిపించెడివాడు. ఎల్విస్ ప్రెస్లీని లోకమునకు పరిచయము చేసిన సన్ సంస్థయు ఆ ఊరిదే. ఇట్లు ఆకాశవాణి అలలయందు తెలుపు నలుపు కలిసిపోవుచుండగా నేలమీద మాత్రము బడులు వేరు, బస్సులో కూర్చుండు చోట్లు వేరు, త్రాగునీటి కుళాయిలు వేరు.

స్టాక్స్‌ను స్థాపించినవారు నల్లవారు కారు, సంగీతవిద్వాంసులును కారు. జిమ్ స్టూవర్ట్ బ్యాంకు ఉద్యోగి. సాయంకాలములయందు కంట్రీ పాటల మేళములలో ఫిడేలు వాయించెడివాడు. అతని అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ ఒకప్పుడు బడిలో పాఠములు చెప్పి, పిమ్మట యూనియన్ ప్లాంటర్స్ అను బ్యాంకులో ఉద్యోగమున కుదిరినది. ఆ బ్యాంకు పేరు గుర్తుంచుకొనుడు. 1957లో స్టూవర్ట్ ఒక గ్యారేజిలో యంత్రము పెట్టి శాటిలైట్ అను పేర రికార్డులు తీయ నారంభించినపుడు అవి తెల్లవారి కంట్రీ పాటలే, అవి అమ్ముడుపోలేదు. మరుసటియేట మంచి టేప్ యంత్రము కావలసివచ్చెను. తమ్ముని యొద్ద ధనము లేదు. అప్పుడు అక్క భర్తను ఒప్పించి, తామున్న యిల్లు తాకట్టుపెట్టి, 2,500 డాలర్లు తెచ్చి, ఆంపెక్స్ యంత్రమును కొనిపెట్టెను. సంగీతచరిత్రకారులు గాయకుల ప్రేమకథలు వ్రాయుదురు గాని తాకట్టు దస్తావేజులను గూర్చి వ్రాయరు, వ్రాయవలసినది.

పట్టణమునకు వెలుపల బ్రన్స్‌విక్ అను పల్లెలో కొంతకాలము ప్రయత్నించి, 1960లో ఆ అక్కతమ్ములు మెంఫిస్ దక్షిణభాగమున, ఈస్ట్ మెక్‌లెమోర్ అవెన్యూలో 926వ నెంబరు గల పాడుపడిన సినిమాహాలును అద్దెకు తీసికొనిరి. దాని పేరు కాపిటల్ థియేటర్. ఆ పేట ఒకప్పుడు తెల్లవారిది. అప్పటికి వారు తరలిపోవుచుండగా నల్లవారు వచ్చి చేరుచుండిరి. కుర్చీలు పీకివేసిరి. గోడలకు మందపు తెరలు వ్రేలాడదీసిరి. తెర యుండిన వేదికమీదనే యంత్రశాలను కట్టిరి. హాలు మరీ పెద్దదగుటచే నడుమ అడ్డుగోడ నిలిపిరి. కాని ప్రేక్షకుల సౌకర్యమునకై వెనుకనుండి ముందునకు వాలుగా కట్టిన నేలను సమము చేయుటకు డబ్బు చాలలేదు. అది అట్లే విడువబడెను.

ఇక్కడ ఒక్క నిమిషము నిలువవలెను. సామాన్యమైన గదిలో నేలయు కప్పును, ఎదురెదురు గోడలును సమాంతరముగా నుండును గనుక నాదతరంగములు వానినడుమ ముందువెనుకలు కొట్టుకొనుచు కొన్ని స్వరములను అతిగా నుబ్బించి కొన్నిటిని మ్రింగివేయును. నేల వాలియున్నచోట ఆ ఎదురెదురు తాకిడి చెదరిపోవును. హాలు విశాలమగుటచే మారుమ్రోత నిలుచును. తెరలుండుటచే ఆ మ్రోత కరకుగా నుండదు. డ్రమ్ములయు బేస్ గిటారుయొక్కయు క్రిందిధ్వనులు నేలనుండి లేచి వచ్చినట్లుండును. వినుటకు సినిమాహాలులోని పెద్ద స్పీకర్లనే వాడిరి. ఉన్నతవిద్య నభ్యసించిన ఇంజనీరు ఎవడును అట్టి గదిని కావలెనని కట్టడు. లేమిచేత దక్కిన గది అది. దానిని దిద్దబోవకుండుట మాత్రము వారి వివేకము.

హాలు ముందుభాగమున మిఠాయిలును సోడాలును అమ్మెడి చోటును ఎస్టెల్ తీసికొని అచ్చట శాటిలైట్ రికార్డుల దుకాణము పెట్టెను. సంస్థ చరిత్రయందు నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైన భాగ మిది. ఆమె తమ రికార్డులను మాత్రమే అమ్మలేదు, అందరివియు అమ్మెను. పేటలోని పిల్లలు బడివిడిచి వచ్చి గంటలకొలది నిలుచుండి పాటలు వినెడివారు. కొనకున్నను ఆమె వారిని వెళ్ళగొట్టలేదు. ఏ పాట వినిన ఏ పిల్లవాని పాదము కదలునో, ఏ చరణమువద్ద కొనువాని మొగము విప్పారునో కనిపెట్టుచుండెడిది. లోపల క్రొత్తగా తీసిన పాటను బయట దుకాణములో వినిపించి, జనుల యాదరణ కంటబడిన పిమ్మటనే అది అచ్చునకు పోదగినదో కాదో చెప్పెడిది. రచయితలను కూర్చుండబెట్టి, అమ్ముడుపోయిన రికార్డును తిరిగి తిరిగి వినిపించి, ఇది ఎందుకు అమ్ముడుపోయినదో చెప్పుమని అడిగెడిది. అందరును ఆమెను ‘లేడీ ఏ’ యని పిలిచెడివారు. పెద్ద సంస్థలు ధనము పోసి చేయించు మార్కెట్ పరిశోధనను ఆమె గల్లాపెట్టె వెనుకనుండి ఊరకనే చేసెను.

ఆ దుకాణమునకు వచ్చిన పిల్లలలో బుకర్ టి. జోన్స్ ఒకడు. 1960లో రూఫస్ థామస్ తన కూతురు కార్లాను వెంటబెట్టుకొని పాడుటకు రాగా, ఆ పాటకు బారిటోన్ సాక్సఫోను వాయించువాడు కావలసివచ్చెను. డేవిడ్ పోర్టర్ అను యువకుడు బడికి పోయి, తరగతిలో కూర్చున్న బుకర్‌ను ఏదో సాకు చెప్పి బయటికి పిలిచి, బ్యాండు మాస్టారి వాద్యమును ఆయన కారును గూడ ఎరువు పుచ్చుకొని, హాలునకు తీసికొనిపోయెను. అట్లు బడి ఎగగొట్టి వాయించిన బాలుడే పిమ్మట ఆ సంస్థ నాదమునకు ఆధారస్వర మయ్యెను. ఆ తండ్రీకూతుళ్ళ యుగళము, ‘కాజ్ ఐ లవ్ యూ’ యనునది, స్థానికముగా బాగుగా అమ్ముడుపోగా, న్యూయార్క్‌లోని అట్లాంటిక్ సంస్థ అధిపతులలో నొకడగు జెరీ వెక్స్‌లర్ దానిని విని వేయి డాలర్లిచ్చి పంపిణీహక్కు తీసికొనెను. ఆ యొప్పందమునకు కాగితము లేదు. చేయి కలిపిరి, అంతే. వెంటనే కార్లా ఒంటరిగా పాడిన ‘జీ విజ్’ దేశమంతట మ్రోగెను. 1961లో మార్కీస్ అను కుఱ్ఱవాళ్ళ మేళము వాయించిన ‘లాస్ట్ నైట్’ ఇంకను పైకెగసెను. శాటిలైట్ అను పేరు కాలిఫోర్నియాలో మరియొక సంస్థ కుండుటచే, స్టూవర్ట్‌లోని మొదటి రెండక్షరములను ఆక్స్‌టన్‌లోని మొదటి రెంటితో జోడించి స్టాక్స్ అని క్రొత్తపేరు పెట్టిరి.

నాదము మాట కిప్పుడు రావచ్చును. సంస్థకు ఒక ఆస్థానమేళము ఏర్పడెను: ఆర్గన్‌పై బుకర్ టి. జోన్స్, గిటారుపై స్టీవ్ క్రాపర్, డ్రమ్ములపై ఆల్ జాక్సన్, బేస్‌పై మొదట లూయీ స్టైన్‌బర్గ్, పిమ్మట డొనాల్డ్ డన్. డన్‌ను అందరును ‘డక్’ అనెడివారు. బుకర్, జాక్సన్ నల్లవారు. క్రాపర్, డన్ తెల్లవారు, ఒకే బడిలో చదువుకొన్న చిన్ననాటి స్నేహితులు. 1962లో మరియొకని రికార్డింగ్ కొరకు వచ్చి, ఆ పని సాగక ఖాళీగా కూర్చుండిన వేళ, పొద్దుపోకకై వాయించుకొనుచు వారు ‘గ్రీన్ ఆనియన్స్’ అను వాద్యగీతమును కల్పించిరి. స్టూవర్ట్ యంత్రమును త్రిప్పి పట్టుకొనెను. అప్పటికి బుకర్‌కు పదునేడేండ్లు. ఆ గీతము అమెరికా జనరంజక పట్టికలో 3వ స్థానమున కెక్కెను. వినిచూడుడు: ఆర్గన్ ఏమాత్రము తొందరపడదు, బేస్ ఒకే అడుగున నడచును, గిటారు అలుగుచున్నట్లు నడుమ నడుమ ఒక్క మాట విసరి ఊరకుండును. ఊరకుండుట తెలిసిన వాద్యకారు లరుదు.

మోటౌన్ పద్ధతి వేరు. దాని స్థాపకుడగు బెర్రీ గోర్డి కార్ల కర్మాగారమున పనిచేసినవాడు. ఒకరు రచింప, ఒకరు వాద్యములు పేర్ప, ఒకరు పాడ, తుదకు ఒక సంఘము కూర్చుండి గుణనిర్ణయము చేసి అనుమతింప పాట వెలువడెడిది. నేను దానిని తక్కువ చేయను. ఆ నునుపు ఒక మహత్తర శిల్పము. స్టాక్స్‌లో ఆ విభాగములు లేవు. పాట పట్టుకొని గాయకుడు వచ్చును, క్రాపర్ గిటారు తీయును, జాక్సన్ నడక చూచుకొనును, బూర లూదువారు ఒక మూల నిలిచి తమలో తాము గుసగుసలాడుకొని ఒక పలుకు కుదుర్చుకొందురు, అందరును ఒకేసారి వాయింతురు. తప్పు పోయిన మొదటినుండి మరల అందరును వాయింపవలసినదే. మొదటి యేండ్లలో యంత్రమునకు ఒకటే జాడ. ఒకరిది తరువాత చేర్చుటకును దిద్దుటకును వీలులేదు. స్వరలిపి వ్రాసినవారు లేరు. గురుముఖమున నేర్చి కాగితము లేక గంటలకొలది పాడు సంప్రదాయమున పుట్టిన మనకు ఇది వింతగా తోచదు. న్యూయార్క్‌నుండి వచ్చిన వెక్స్‌లర్‌కు మాత్రము ఆశ్చర్యము కలిగించెను. అక్కడి సంగీతశాలలలో వాద్యరచయితలు వ్రాసి తెచ్చినదానిని వాయించుట చూచి విసిగిన ఆయన, ఇచ్చట ఉదయము పదిమంది ఊరక కూర్చుండి సాయంకాలమునకు ఒక పాటను తయారుచేయుట చూచి, తన గాయకులను గూడ మెంఫిస్‌కు తీసికొని రాసాగెను.

అట్లు 1965 మే నెలలో తెచ్చినవాడు విల్సన్ పికెట్. ‘ఇన్ ద మిడ్‌నైట్ అవర్’ రికార్డు చేయుచుండగా వెక్స్‌లర్ యంత్రశాలనుండి బయటికి వచ్చి, అప్పుడు యువకులయందు వ్యాపించియున్న జెర్క్ అను నాట్యపు అడుగును తానే వేసి చూపి, రెండవ దెబ్బమీద బరువు పడవలెనని సూచించెను. గౌరవనీయుడైన మధ్యవయస్కుడు ఆ వాలునేలమీద గెంతుచుండగా జాక్సన్, క్రాపర్ దానిని చూచి గ్రహించిరి. నాలుగు దెబ్బల తాళమున రెండవదియు నాల్గవదియు వారు రవ్వంత ఆలస్యముగా వేయసాగిరి. తప్పిపోవునంత ఆలస్యము కాదు. పిలుపునకు వచ్చిన చుట్టము గడపవద్ద చెప్పులు విడుచుటకు నిలిచినంతసేపు. ఆ ఆలస్యమునకు జాక్సన్ యొక్క స్నేర్ డ్రమ్మును క్రాపర్ యొక్క గిటారును ఒక్కటై దిగును. నాటినుండి స్టాక్స్ రికార్డును మొదటి పంక్తిలోనే గుర్తుపట్టవచ్చును.

మరి రెండు లక్షణములు చెప్పవలసియున్నవి. మోటౌన్ పాటలలో గాయకుని వెనుక వంతపాటకత్తెలు మెత్తగా అనెడి మాటను స్టాక్స్ పాటలలో బూరలు అనును. ట్రంపెట్, సాక్సఫోను కలిసి గాయకునికి ప్రత్యుత్తర మిచ్చును, చర్చిలో బోధకుని మాటకు సభ బదులు పలికినట్లు. రెండవది, గాయకుని కంఠమును వాద్యములపైన కిరీటమువలె నిలువబెట్టక వానినడుమనే నిలిపిరి. అందుచేత గాయకుడు పోరాడి వినబడవలెను. ఆ పోరాటమే ఆ గానమున ఆర్తి.

ఓటిస్ రెడ్డింగ్ వచ్చినది 1962లో. జార్జియాలోని మేకన్ ఊరినుండి జానీ జెంకిన్స్ అను గిటారు విద్వాంసుని కారులో తోలుకొనివచ్చిన వాడతడు. సామాను దించుచున్న ఆ పొడగరిని సేవకుడనుకొనిరి. జెంకిన్స్ పని ఆనాడు రక్తి కట్టలేదు. సమయము మిగులగా, ఈ కుఱ్ఱవాడు పాడుదునని ప్రాధేయపడుచున్నాడు, ఒక్కసారి వినుడని జాక్సన్ చెప్పెను. స్టైన్‌బర్గ్ అప్పటికే బేస్ వాద్యమును కారులో పెట్టుకొనుచుండగా మరల పిలిపించిరి. బుకర్ లేడు, క్రాపర్ పియానో ముందు కూర్చుండెను. చర్చిలో వాయించెడి స్వరసంపుటుల వంటివి వాయింపుమని రెడ్డింగ్ కోరెను. ‘దీజ్ ఆర్మ్స్ ఆఫ్ మైన్’ అను ఆ పాట సంస్థయొక్క అనుబంధశాఖయగు వోల్ట్ పేర వెలువడెను. ఒక గొప్ప గాయకుని జీవితము ఒక మధ్యాహ్నము మిగిలిన అరగంటలో ప్రారంభమైనది.

అతనికి స్వరలిపి రాదు. బూరలవారి యొద్దకు పోయి వారు ఊదవలసినదానిని నోటితో పలికి చూపెడివాడు. వారు వేళ్ళతో వెదకి పట్టుకొనెడివారు. ఈ పద్ధతి ఎంతదూరము పోగలదో ‘ట్రై ఎ లిటిల్ టెండర్‌నెస్’ చూపును. అది 1932 నాటి పాట, బింగ్ క్రాస్బీ వంటివారు విందులలో వినదగినట్లు మృదువుగా పాడినది. 1966లో దానిని స్టాక్స్‌లో తీసిన తీరు చూడుడు. మొదట బూరలు మూడు విషాదముగా నొక పలుకు పలికి తప్పుకొనును. గాయకుడు దాదాపు ఒంటరిగా, ఊపిరి వినబడునట్లు, మొదలుపెట్టును. కొంతసేపటికి జాక్సన్ డ్రమ్ము అంచుమీద పుల్లతో టక్కు టక్కుమని కొట్టసాగును; గడియారమువంటి ఆ శబ్దము పాట నడకకు రెట్టింపు వేగముది. పాట నిదానముగనే యున్నది, ఆ పుల్ల మాత్రము రానున్నదానిని ముందే ఎరుగును. పియానో వచ్చును, గిటారు వచ్చును, బూరలు మెట్టు మెట్టుగ పైకెక్కును; ఎక్కడ మారినదో తెలియకుండ పాట అంతయు పుల్లయొక్క వేగమును అందుకొనును. తుదకు గాయకునికి మాటలు చాలక పొడి అక్షరములు మిగులును. విలంబమునుండి ద్రుతమునకు ఇంత న్యాయముగా నడచిన మూడునిమిషముల రికార్డు నే నెరిగినంతలో మరియొకటి లేదు.

ఆ హాలులో తెల్లవారును నల్లవారును సమానులై యుండిరని పలువురు వ్రాసిరి. తలుపు లోపలివరకు అది నిజమే. ఐజాక్ హేస్, డేవిడ్ పోర్టర్ అను నల్లజాతి యువకులిద్దరు, ఒకడు మాంసపు కర్మాగారమున, ఒకడు ఎదుటి కిరాణాకొట్టులో పనిచేసినవారు, శామ్, డేవ్ అను గాయకద్వయమునకై ‘హోల్డ్ ఆన్ ఐయామ్ కమింగ్’, ‘సోల్ మ్యాన్’ వంటి పాటలు వ్రాసి ఆ యింటికి స్తంభములైరి. కాని వీథిలోనికి రాగానే అందరు కలిసి భోజనము చేయుటకు చోట్లు మిక్కిలి తక్కువ. నల్లవారి యాజమాన్యమున నున్న లొరేన్ మోటెల్ ఆ కొద్దిచోట్లలో నొకటి. అక్కడ బసచేయువారు, ఈతకొలనులో సేదదీరువారు, పాటలు వ్రాయువారు. ‘ఇన్ ద మిడ్‌నైట్ అవర్’ అచ్చటనే పుట్టెను. ఎడ్డీ ఫ్లాయిడ్ ‘నాక్ ఆన్ వుడ్’ గూడ అచ్చటనే, ఉరుముల రాత్రి. మరియు సంస్థ యజమాను లిద్దరును తెల్లవారేయను సంగతి మరువరాదు. 1965లో ఆల్ బెల్ అను నల్లజాతి రేడియో ప్రసారకుడు ప్రచారాధికారిగా చేరిన పిమ్మటనే ఆ లోటు కొంత తీరెను.

1967 వసంతమున స్టాక్స్ బృందము ఐరోపాకు పోయెను. లండన్‌లోను పారిస్‌లోను సభలు నిండిపోగా, స్వదేశమున నెలజీతముల వాద్యకారులుగా నుండినవారు తాము ఎంతటివారో తొలిసారి తెలిసికొనిరి. జూనులో కాలిఫోర్నియాయందలి మాంటెరీ సంగీతోత్సవమున రెడ్డింగ్ తెల్లజాతి యువజనమును గెలుచుకొనెను. డిసెంబరు 10న అతని విమానము విస్కాన్సిన్ రాష్ట్రమున మాడిసన్ వద్ద మోనోనా సరస్సులో కూలెను. అతనికి 26 ఏండ్లు. బార్‌కేస్ అను మేళములోని నలుగురు పిల్లలును అతనితో పోయిరి. బెన్ కాలీ యొక్కడు ప్రాణములతో బయటపడెను. మూడునాలుగు దినములకు ముందు పాడి ముగించిన ‘డాక్ ఆఫ్ ద బే’ను క్రాపర్, మిత్రుని దేహము దొరకుచున్న దినములలో, కూర్చుండి కూర్చవలసివచ్చెను, అలల చప్పుడును సముద్రపక్షుల కూతలును అతడు చేర్చినవే. అది అమెరికా పట్టికలో ప్రథమస్థాన మందెను. గాయకుని మరణానంతరము అట్టి స్థానము నందిన మొదటి పాట అది.

ఇక కాగితము సంగతి. చేతులు కలిపి చేసికొన్న అట్లాంటిక్ ఒప్పందమును 1965లో వ్రాతలోనికి తెచ్చిరి. వెక్స్‌లర్ ఆ సంస్థను విడిచిన లేక అది అమ్ముడుపోయిన తాము తొలగిపోవుటకు వీలుండవలెనని స్టూవర్ట్ కోరెను. ఆ షరతును చేర్చిరి. అదే పత్రమున, అట్లాంటిక్ పంపిణీచేసిన రికార్డుల మూలప్రతులపై సర్వహక్కులును అట్లాంటిక్‌వే యను వాక్య మొకటి యుండెను. వెక్స్‌లర్‌ను నమ్మిన స్టూవర్ట్ దానిని చదువక సంతకము చేసెను. బ్యాంకులో పనిచేసినవాడు! 1967లో అట్లాంటిక్‌ను వార్నర్ సంస్థ కొనగా, తొలగిపోదమని 1968లో పత్రము తీసి చూచినపుడు, ఎనిమిదేండ్ల పంట తమది కాదని తెలిసెను. రెడ్డింగ్ పాటలు పోయినవి. ‘గ్రీన్ ఆనియన్స్’ పోయినది. శామ్, డేవ్ మొదటినుండి అట్లాంటిక్‌వారి యెరువే గనుక మనుష్యులే పోయిరి. ఆ వాక్యము తనకును తెలియదని వెక్స్‌లర్ చెప్పెను. అది నిజమైనను కాకున్నను ఫలితము మారలేదు.

ఆ వసంతముననే, ఏప్రిల్ 4న, మార్టిన్ లూథర్ కింగ్ మెంఫిస్‌లో హతుడయ్యెను. చెత్తబండి యంత్రమున నలిగి ఇద్దరు పాకీపనివారు మరణింపగా సమ్మెకు దిగిన కార్మికులకు తోడుగా ఆయన ఆ ఊరికి వచ్చెను. తూటా తగిలినది లొరేన్ మోటెల్ వసారాలో. ఆ రాత్రి నగరమున మంటలు లేచినను స్టాక్స్ కట్టడమును ఎవరును ముట్టలేదు. అయినను లోపలి మనుష్యులనడుమ అదివరకు లేని సందేహము ప్రవేశించెను; ఆ వాద్యకారులే పిమ్మట ఆ మాట చెప్పుకొనిరి.

తరువాతి యేడేండ్లు ఆల్ బెల్ కాలము. రికార్డుల నిధి పోయిన సంస్థకు క్రొత్తనిధి కావలెనని అతడు 1969లో 27 ఆల్బములను ఒక్కమారుగా వెలువరించెను. ఆ సాహసమును నేను మెచ్చుకొందును. వానిలో నొకటి ఐజాక్ హేస్ ‘హాట్ బటర్డ్ సోల్’: నాలుగే పాటలు, అందొకటి పదునెనిమిది నిమిషములకు మించినది. మూడునిమిషముల రికార్డులో రాగాలాపన నిరికించుటకు మన విద్వాంసులు పడిన యవస్థ నెరిగినవారు ఆ విడుదలను అర్థము చేసికొందురు. 1972లో ‘షాఫ్ట్’ చిత్రగీతమునకు హేస్ ఆస్కార్ బహుమతి నందెను. ఆ యేడాది ఆగస్టు 20న లాస్ ఏంజెలెస్‌లో జరిపిన వాట్‌స్టాక్స్ అను సంగీతసభకు, ఒక్క డాలరు టిక్కెట్టుతో, లక్షమంది వచ్చిరి. సంస్థ ఇంత పెద్దదైనది గాని, ‘హాట్ బటర్డ్ సోల్’ తీసినది మెంఫిస్‌లోనే వేరొక శాలయగు ఆర్డెంట్‌లో. స్టేపుల్ సింగర్స్ పాడిన ‘ఐ విల్ టేక్ యూ దేర్’ తీసినది అలబామాలోని మసిల్ షోల్స్‌లో. మంచి పాటలే. వానిలో ఆ వాలునేల మాత్రము లేదు. ఎస్టెల్ 1969లోనే తప్పుకొనెను. ఆమె పోయిన తరువాత గిరాకీ ముఖము చూచి పాట నెంచువారు ఆ యింట లేకపోయిరి.

అంతము త్వరగా చెప్పవచ్చును. కొలంబియావారితో చేసికొన్న పంపిణీ ఒప్పందము చెడెను, అప్పులు పేరుకొనెను, జిమ్ స్టూవర్ట్ తన స్వంత ఆస్తిని హామీగా పెట్టి దానిని పోగొట్టుకొనెను. 1975 డిసెంబరులో సంస్థ దివాలాతీయగా తలుపులు మూయించిన ఋణదాత యూనియన్ ప్లాంటర్స్ బ్యాంకు. బెల్‌పై మోసపు అభియోగము మోపిరి. న్యాయస్థానము అతనిని నిర్దోషిగా విడిచెను. హాలు ఒక చర్చివారి చేతిలో పడి 1989లో నేలమట్ట మయ్యెను. 2003లో అదే స్థలమున వస్తుప్రదర్శనశాల కట్టిరి. అందులో నేలను ఈసారి డబ్బు ఖర్చుపెట్టి వాలుగా కట్టిరి.

1968కి ముందరి పాటలు ఈనాటికిని వార్నర్‌వారివే. తరువాతివి కాంకార్డ్ అను సంస్థవి. సభానంతరము నిర్వాహకులు మూడు రికార్డులు వినిపింతురు: ‘గ్రీన్ ఆనియన్స్’, ‘ట్రై ఎ లిటిల్ టెండర్‌నెస్’, ‘ఇన్ ద మిడ్‌నైట్ అవర్’. కడపటిది మ్రోగునపుడు సిగ్గుపడక రెండవ దెబ్బకును నాల్గవ దెబ్బకును చప్పట్లు కొట్టిచూడుడు. మీ చేతులు ఆల్ జాక్సన్ కంటె రవ్వంత ముందే కలియును.